గంజాయిపై సలహావోటు

2018వ సంవత్సరము నవంబరు 6వ తేదీన అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమునందు 16 కౌంటీలలోను, రెసీన్, వాకెషా అను రెండు పట్టణములలోను వోటర్లకు అభ్యర్థుల పేళ్లతోపాటు గంజాయిని గూర్చిన ప్రశ్నలు కూడ అచ్చువేసి యిచ్చిరి. కొన్ని తావులందు వైద్యమునకు మాత్రము దాని ననుమతింపవచ్చునా యనియు, కొన్ని తావులందు 21 సంవత్సరములు నిండినవారు వాడుకొనుట కనుమతించి అమ్మకముపై పన్ను విధింపవచ్చునా యనియు అడిగిరి. అడిగిన ప్రతిచోటను ప్రజలు అవుననిరి. మిల్వాకీ కౌంటీలో నూటికి సుమారు 70 మందియు, రాజధాని మేడిసన్ నగరమున్న డేన్ కౌంటీలో సుమారు 76 మందియు పెద్దల వాడుకకు సమ్మతించిరి. అదే దినమున పొరుగుననున్న మిచిగాన్ రాష్ట్రములో సమ్మతించినవారు నూటికి 56 మంది మాత్రమే. అయినను మిచిగాన్‌లో గంజాయి చట్టబద్ధమైనది; విస్కాన్సిన్‌లో కాలేదు.

తక్కువ వోట్లు శాసనమగుటయు, ఎక్కువ వోట్లు కాగితమై మిగులుటయు ఎట్లు సంభవించెను? మిచిగాన్ ప్రజలకు సంతకములు సేకరించి తామే శాసనమును ప్రతిపాదించి, తమ వోటుతోనే దానిని నెగ్గించుకొను హక్కు గలదు. విస్కాన్సిన్ ప్రజలకు రాష్ట్ర శాసనముల విషయమున ఆ హక్కు లేదు. అచట కౌంటీ బోర్డువారు ప్రజల సలహా నడుగవచ్చును. ఆ సలహా శాసనసభ్యులను కట్టివేయజాలదు.

విశాఖ మన్యమునుండి తరలివచ్చు గంజాయి పట్టుబడిన వార్తలను తరచుగా చదువు మన పాఠకులకు ఆ మొక్క మంచిచెడ్డలను మేము వేరుగ చెప్పనక్కరలేదు. నేటి మా విచారణ దానిని గూర్చినది కాదు. ప్రజల నడిగి, ప్రత్యుత్తరము పొంది, పిమ్మట ఊరకుండుట రాజనీతికి తగునా యన్నదే మా ప్రశ్న.

సలహావోటును ఆక్షేపించువారి వాదమును మేము త్రోసిపుచ్చుట లేదు. విస్కాన్సిన్‌లో 72 కౌంటీలుండగా 16 కౌంటీలు మాత్రమే ప్రశ్న వేసినవి. అనుకూలముగ నున్నచోటనే ప్రశ్నించిరను అనుమానమునకు తావు గలదు. ఫలితము లేని వోటును మనుష్యుడు తేలికగా వేయుననుటయు కొంత నిజమే. ప్రశ్న కూర్పును బట్టి సమాధానము మారును. ఓక్లేర్ కౌంటీలో మూడు మార్గములు చూపి ఒకదాని నెన్నుకొనుమనిరి. పెద్దల వాడుకకు నూటికి సుమారు 54 మంది, వైద్యమునకు మాత్రమే 31 మంది, నిషేధము కొనసాగవలెనని 15 మంది వోటువేసిరి. కేవలము అవునా, కాదా యని అడిగినచో ఆ నడిమి 31 మంది ఎటు మొగ్గియుందురో ఎవరు చెప్పగలరు? ఇట్టి ప్రశ్నయే ప్రజాభిప్రాయమునకు సరియైన కొలమానమని మాకు తోచుచున్నది.

కాని ఈ లోపములు మరల చక్కగ అడుగుటకు కారణములు కావలెనే గాని, వినకుండుటకు కారణములు కాజాలవు. గవర్నరు టోనీ ఎవర్స్ 2019 ఆయవ్యయ ప్రణాళికలో వైద్యపు గంజాయిని, 2021లో పెద్దల వాడుకను గూడ చేర్చగా, శాసనసభయందు అధికసంఖ్యాకులగు రిపబ్లికనులు రెండుమారులును తొలగించిరి. 2022లో మిల్వాకీ, డేన్, ఓక్లేర్ కౌంటీల ప్రజల నడుగగా మరల అవుననిరి. 2024 జనవరిలో రిపబ్లికనులే వైద్యపు గంజాయికి ఒక బిల్లును తెచ్చి, తమలో తమకు పొత్తు కుదరక విడిచిపెట్టిరి. ఈలోగా పొరుగు రాష్ట్రమగు ఇల్లినాయిలో 2020 జనవరి 1 నుండి అమ్మకములు సాగుచుండుటచే, విస్కాన్సిన్ వాసులు సరిహద్దు దాటి కొనుచున్నారు. పన్ను పొరుగు బొక్కసమున పడుచున్నది. ఆ ఇల్లినాయిలోనే షికాగో నగరమున్న కుక్ కౌంటీ ప్రజల నుండి 2018 మార్చిలో ఇట్టి సలహానే తీసికొనిరి. అచటి శాసనసభ మరుసటి సంవత్సరమే శాసనము చేసెను. సలహా ఒక్కటే, విన్నవారు వేరు.

మసాచుసెట్సు రాష్ట్రపు చరిత్ర ఇంకను బోధకరము. అచట 200 మంది వోటర్లు సంతకము చేసినచో, తమ నియోజకవర్గ ప్రతినిధి యేమి చేయవలెనో తెలుపు ప్రశ్నను ఆ వర్గమున వోటునకు పెట్టవచ్చును. 2000వ సంవత్సరము మొదలు గంజాయిని గూర్చి ఇట్టి ప్రశ్నలు వర్గము వెంట వర్గమున వేయబడెను. ప్రతినిధులు కదలలేదు. కాని మసాచుసెట్సు ప్రజలచేత శాసన ప్రతిపాదనాధికారము కూడ నుండెను. సలహావోట్లవలన తమ బలము నెరిగిన ప్రజలు 2008లో ఒక ఔన్సుకు లోబడిన గంజాయిని కలిగియుండుటను నేరముగాక జరిమానాతో పోవు తప్పుగా మార్చిరి. 2012లో వైద్యమునకు, 2016లో పెద్దల వాడుకకు అనుమతించిరి. వెనుక శాసనాధికారము లేనిచో ఆ 200 సంతకములు ఏమగునో విస్కాన్సిన్‌ను చూచి గ్రహింపవచ్చును.

న్యూజీలండులో 2020 అక్టోబరున ప్రభుత్వము బిల్లు పాఠమును ముందుగనే ప్రకటించి ప్రజల నడిగెను. కాదన్నవారు నూటికి 50.7, అవునన్నవారు 48.4. అదియు సలహావోటే, అయినను ప్రభుత్వము వెంటనే బిల్లును విడిచిపెట్టెను. కాదను సలహాను పాటించుట ఎంత సులభమో! ఏమియు చేయకున్న చాలును.

మన దేశమున 1893లో బ్రిటిషు ప్రభుత్వము గంజాయి విచారణ సంఘము నొకదానిని నియమింపగా, అది 1,193 మంది సాక్షుల నడిగి మరుసటి యేట నివేదిక సమర్పించెను. సాక్షులను పిలుచువారును, ప్రశ్నలు కూర్చువారును, తుదకు నిర్ణయించువారును సర్కారువారే. పరాయి ప్రభుత్వమునకు అంతకుమించి అవసరము లేకపోయెను. స్వపరిపాలనము గల ప్రజల నడుగునపుడు ప్రతి సలహావోటునకు ఒక నియమ ముండవలెనని మా యభిప్రాయము. ప్రజలు సమ్మతించిన విషయముపై శాసనసభ నిర్ణీతకాలములో బిల్లును చర్చించి, ప్రతి సభ్యుడును పేరు వ్రాయబడునట్లు వోటు వేయవలెను. కాదనదలచినవారు బహిరంగముగ కాదనవచ్చును.

శాసనములను వోటుతో నిర్ణయించుకొను హక్కును ప్రజలకు కల్పించు రాజ్యాంగ సవరణకై ఎవర్స్ 2022 అక్టోబరు 4వ తేదీన విస్కాన్సిన్ శాసనసభను ప్రత్యేకముగ సమావేశపరచెను. గర్భస్రావ నిషేధమును ప్రజలే రద్దు చేసికొనుటకు వీలుగా ఆ సవరణ తలపెట్టబడినది. నెగ్గియుండిన గంజాయికిని అదియే దారి యయ్యెడిది. ఉభయ సభలును క్షణకాలము కూడి, చర్చ లేకుండగనే ముగిసెను.