ఒడ్డున రెల్లును ఉండనిండు

గోదావరి వరద తీసిన పిమ్మట లంక ఒడ్డున కొంతసేపు కూర్చుండి మొక్కలను చూచుట నాకు చిరకాలపు అలవాటు. వట్టి ఇసుక మేటపై ముందుగా కాలూనువానిలో రెల్లు ఒకటి. దాని దుంపవేళ్లు ఇసుకలో అడ్డముగా ప్రాకి, కణుపుల వద్ద క్రొత్త దుబ్బులను లేపును. దుబ్బులు నీటి వేగమును తగ్గించుటచే ఒండ్రు అచ్చట నిలుచును. ఆ ఒండ్రుపై గరికయు, తుంగయు, వెంపలియు చేరును.

పొలములో చొరబడిన రెల్లును వదలించుకొనుట ఎంత కష్టమో నాకును తెలియును. అచ్చట దానిని దుంపలతో త్రవ్వి తీయవలసినదే. కాని ఒడ్డుమీది రెల్లును తగులబెట్టి నీటి అంచు వరకు దున్నుట ఏమి లాభము? రెండు సాళ్లు పెరుగునని ఆశ. పెద్ద వరద వచ్చినచో ఆ సాళ్లతోపాటు వెనుకనున్న చెక్కయు కోతకు గురియగును. ప్రవాహము నేరుగా కొట్టుచోట రెల్లు ఒక్కటే ఆపజాలదు, నిజమే. అచ్చట రాతికట్టు కావలెను. అన్నిచోట్ల రాయి ఎవరు పోయగలరు?

చెరకు రైతులకు వేరుగ ఒక మాట. 1912లో కోయంబత్తూరున నెలకొల్పిన చెరకు పరిశోధన కేంద్రమున, చెరకును ఈ రెల్లుతోనే సంకరపరచి కో. 205 రకమును తీసిరి. అది 1918లో రైతులకు అందెను. మనము కలుపు అనుకొను మొక్క చెరకునకు మొండితనము నిచ్చినది.

ఒడ్డు వెంట అయిదారు మీటర్ల పట్టీని దున్నకుండ విడుచుటకు గ్రామాధికారులు, రైతులు కూడి నిర్ణయించుకొనవలెనని నా అభిప్రాయము. పాకల కప్పులకు కావలసిన రెల్లును పూత ముగిసిన తరువాత, మొదళ్లు విడిచి కోసికొనవచ్చును.