నల్లమల నడకకు ఏ బూట్లు?

ఉగాదికి శ్రీశైలం మల్లన్న దగ్గరికి నడిచి పోదామని ఈసారి మన కాలనీల్లో చాలామంది అనుకుంటున్నారు. "అన్నా, ఫ్యాక్టరీలో ఇచ్చిన సేఫ్టీ షూ గట్టిగా ఉంది గదా, దాన్నే ఏసుకోని పోతే సరిపోదా?" అని నలుగురైదుగురు అడిగినారు. సరిపోదు. ఎందుకో చెప్తాను.

ముందు దారి సంగతి. భ్రమరాంబను తమ ఇంటి ఆడబిడ్డగా, మల్లయ్యను అల్లుడిగా చూసుకునే కన్నడ భక్తులు ఏటా ఆత్మకూరు పక్కన వెంకటాపురం నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా కైలాసద్వారం చేరతారు. మనమూ వాళ్ళతోనే కలుస్తాం. అంతా నల్లమల అడవి. కంకర, గుండ్రాళ్ళు, రాతిమెట్లు. భీముని కొలను లోయలోకి దిగాలి, మళ్ళీ నిట్టనిలువున ఎక్కాలి. పైగా ఎండాకాలం.

సేఫ్టీ షూ జత కిలో దాటుతుంది. ముందర ఇనుప కప్పు ఉంటుంది. దిగేటప్పుడు వేళ్ళు పోయి దానికే కొట్టుకుంటాయి, గోళ్ళు నల్లబడతాయి. కాలి మీద పడే బరువు నుంచి కాపాడే బూటు అది, రాళ్ళ మీద నడిపించే బూటు కాదు. కాలికి కట్టిన ఒక కిలో, వీపు మీది నాలుగైదు కిలోలతో సమానంగా అలుపు తెస్తుందని సైనికుల మీద చేసిన పరిశోధనల్లో తేలింది.

కావలసింది ట్రైల్ రన్నింగ్ షూ. అంటే కొండదారుల్లో పరిగెత్తేవాళ్ళు వేసుకునేది. జత ఆరేడు వందల గ్రాములే ఉంటుంది. అడుగున రబ్బరు ముళ్ళు ఉంటాయి, కంకరలో జారనీయవు. రోడ్డు మీద పరిగెత్తే బూట్లకు అడుగు నున్నగా ఉంటుంది, అవి వద్దు. నీళ్ళు దూరని బూట్లని ఎక్కువ ధర చెప్తారు. మన ఎండకు అవీ వద్దు. గాలాడే జాలీ గుడ్డ ఉంటే చెమట ఆరుతుంది, బొబ్బలు తగ్గుతాయి.

కొనేటప్పుడు సాయంత్రం పోండి. షిఫ్టు అయ్యేసరికి పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది, నడకలోనూ అట్లే ఉబ్బుతుంది. నడిచేరోజు వేసుకునే సాక్సులే తొడుక్కోని చూడండి. వేళ్ళ ముందర బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాల. మడమ లేవకూడదు. అంగడిలో మెట్లుంటే దిగి చూడండి, వేళ్ళు ముందుకు తగిలితే ఒక సైజు పెంచండి. కొత్తవాటితో నేరుగా అడవికి పోవద్దు. నెలరోజుల ముందునుంచే డ్యూటీకి వచ్చేటప్పుడు, పోయేటప్పుడు తొడగండి. ఒక ఆదివారం బన్నేరుఘట్ట చంపకధామ స్వామి గుడి దగ్గరి కొండ సంచితో ఎక్కి దిగండి.

ఈ తేలికబూటు తేలికసంచికే. అయిదారు కిలోలు మించకుండా సర్దుకోండి. దారిలో దాతలు అన్నం, నీళ్ళు పెడతారు, బియ్యం మూట ఎందుకు? ఒక దుప్పటి, ఒక జత బట్టలు, నీళ్ళ సీసా, టార్చి, ప్లాస్టర్, ఇంకో జత సాక్సులు చాలు.

చెప్పులు లేకుండా నడుస్తానని మొక్కుకున్న అక్కలు ఉన్నారు. మొక్కును కాదనను. కానీ షుగరు ఉన్నవాళ్ళకు పాదం మొద్దుబారి ఉంటుంది, ముల్లు దిగినా తెలీదు. మా వదినకు కాలి పుండు మానడానికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలూ కూలి లేదు. అందుకే ఆమె పోయినేడు అడవంతా బూట్లతో నడిచింది. కైలాసద్వారం దగ్గర విప్పి సంచిలో పెట్టుకోని, అక్కడినుంచి గుడిదాకా చూసుకుంటా వట్టికాళ్ళతో పోయింది. అదీ డాక్టరును అడిగినాకే. మొక్కు తీరింది, సోమవారం పనికీ వచ్చింది.

రాత్రి మకాంలో బూట్లు విప్పి, టార్చి వేసి అరికాళ్ళు ఒకరివి ఒకరు చూడండి. ఎర్రబడిన చోట అప్పుడే ప్లాస్టర్ వేస్తే తెల్లారి బొబ్బ లేవదు.