ఇల్లు అమ్మబడును, మాకు తప్ప

హిమాయత్‌నగర్‌లో ఇల్లు అమ్మకానికుందని పేపర్లో ప్రకటన చూశాం. పాతకాలపు రెండంతస్తుల ఇల్లు. గుండ్రంగా తిరిగిన బాల్కనీ, టేకు దర్వాజా, కిటికీలకు రంగు అద్దాలు, కింద షాబాదు బండలు. గేటు దాటితే బజారు. నడిచి వెళ్ళేంత దూరంలో బడి, ఆస్పత్రి, మెట్రో. ఊరి నడిబొడ్డున నిజాం కాలంనాటి ఠీవి అని కూడా రాశారు.

ఫోన్ చేశాం. మా తెలుగు విని దలాల్ ఎంతో మర్యాద చేశాడు. 'ఆదివారం రండి సార్, ఇల్లంతా చూపిస్తా' అన్నాడు. చివర్లో పేరడిగాడు. చెప్పాం. అవతల కాసేపు మాట లేదు. 'మళ్ళీ చేస్తా సార్' అన్నాడు. చేయలేదు. రెండ్రోజులాగి మేమే చేశాం. 'ఓనరుకేం అభ్యంతరం లేదు సార్. ఆయన చాలా మంచోడు, అభ్యుదయ భావాలున్నోడు. పక్కవాళ్ళే ఒప్పుకోరు' అన్నాడు.

ఈ మాట మాకు కొత్త కాదు. కిరాయి ఇంటి కోసం తిరిగిన ప్రతిసారీ విన్నదే. 'నిన్ననే ఇచ్చేశాం.' 'మా అమ్మాయి అమెరికా నుంచి వస్తోంది.' 'మాంసం వండుతారు కదా!' ఆ చివరి మాట అన్నవాళ్ళే ఆదివారం పొద్దున్నే మటన్ షాపు దగ్గర మా వెనకాల లైన్లో కనిపిస్తారు. పలకరిస్తారు కూడా. వాళ్ళ గిన్నెలో ఉడికితే కూర, మా గిన్నెలో ఉడికితే వాసన!

ఆ ప్రకటనలో గొప్పగా చెప్పుకున్న వాటినే తీసుకోండి. దర్వాజా మా నోటి మాట. బజారు మా నోటి మాట. పేట పేరులో హిమాయత్ ఉంది. కొంచెం ముందుకెళ్తే ఖైరతాబాద్, ఖైరున్నిసా బేగం పేరు. ఇంకాస్త ముందుకెళ్తే మాసాబ్ ట్యాంక్, మా సాహెబా చెరువు. అదే హిమాయత్‌నగర్‌లో ఉర్దూ హాల్ ఉంది. 1969లో కన్నుమూసిన మఖ్దూం మొహియుద్దీన్ పేరు మీద మఖ్దూం భవన్ ఉంది. చనిపోయిన మఖ్దూంకు ఆ పేటలో చోటుంది. బతికున్న మాకు లేదు.

ఇక్కడ ఒక మాట తేల్చుకోవాలి. ఆ ఇంటి ఠీవి మా తాతల సొత్తని మేం అనడం లేదు. నిజాం మాకు చుట్టం కాదు. మా తాతలు దూది ఏకారు, జట్కా తోలారు, బీడీలు చుట్టారు, సైకిళ్ళకు పంక్చర్లేశారు. దివాణంలో వాళ్ళకు కుర్చీ వేసినవాడు లేడు. అయినా రజాకార్ల మాటొచ్చిన ప్రతిసారీ మా మొహంలోకే చూస్తారు. నిజాం పాపాలకు మేం వారసులం. నిజాం నాటి ఇళ్ళకు మాత్రం బయటివాళ్ళం. ఆ కాలపు తలుపు, అద్దం, కమాను మీకు ముచ్చట. ఆ కాలం మిగిల్చిన మనిషి మాత్రం మీకు బెడద.

'మీవాళ్ళెప్పుడూ గుంపుగా ఒకచోటే ఉంటారు, మాతో కలవరు' అని సెక్యులర్ మిత్రులే అంటారు. ఎవరు ఎవరితో కలవడం లేదు? 1948 పోలీసు చర్య తర్వాత పల్లెల్లో ఇళ్ళూ పొలాలూ వదిలి ప్రాణాలతో నగరం చేరినవాళ్ళు సరదాకి గుంపుకట్టలేదు. 1990 డిసెంబరులో హైదరాబాద్ రగిలినప్పుడు కలిసిమెలిసి ఉన్న బస్తీలు విడిపోయాయి. పాతబస్తీలోని హిందువులూ వచ్చిన ధరకు ఇళ్ళు అమ్ముకుని వెళ్ళిపోయారు. వాళ్ళదీ భయమే. ఆ భయాన్ని మేం కాదనం. రెండు భయాల మధ్య లాభపడింది దలాలూ నాయకుడూ.

అహ్మదాబాద్‌లో జుహాపురా చూడండి. 1973 సబర్మతి వరదల్లో గుడిసెలు పోయినవాళ్ళ కోసం కట్టిన కాలనీ అది. మొదట్లో అక్కడ రెండు మతాలవాళ్ళూ ఉన్నారు. 1985, 1992, 2002. ఒక్కో మారణకాండకు హిందువులు అటు వెళ్ళారు, ముస్లింలు ఇటు వచ్చారు. అల్లర్ల భయంతో ఎవరూ ఇల్లు తెగనమ్ముకోకూడదనే పేరుతో అక్కడ 1991లో కల్లోలిత ప్రాంతాల చట్టం తెచ్చారు. ఆ ప్రాంతాల్లో ఇల్లు అమ్మాలంటే కలెక్టరు అనుమతి కావాలి. మంచి ఉద్దేశమే అనిపిస్తుంది. జరిగింది మాత్రం వేరు. ఒక మతంవాడి ఇల్లు ఇంకో మతంవాడు కొనకుండా ఆపే కంచెగా ఆ చట్టం మారింది. మన దగ్గర అలాంటి చట్టం లేదు. కలెక్టరు చేసే పని ఇక్కడ అపార్టుమెంటు అసోసియేషనే చేస్తుంది.

రాజ్యాంగం ఏమంటుంది? దేశంలో ఎక్కడైనా నివసించే హక్కు 19వ అధికరణం ఇచ్చింది. 15వ అధికరణం దుకాణాలు, హోటళ్ళు, బావులు, చెరువులు, రోడ్ల దగ్గర మతం, కులం పేరుతో అడ్డగించకూడదంది. ఆ జాబితాలో ఇల్లు అనే మాట లేదు. అహ్మదాబాద్‌లోని ఒక పార్శీ హౌసింగ్ సొసైటీ కేసులో, సొసైటీ తన సభ్యత్వాన్ని ఒక మతంవాళ్ళకే పరిమితం చేసుకోవచ్చని సుప్రీంకోర్టు 2005లో తీర్పు చెప్పింది. అక్కడ నిలబడింది చిన్న మైనారిటీ. ఆ దారిన రేపు ఎవరు నడుస్తారో చెప్పడానికి జోస్యం అక్కర్లేదు.

2006లో సచార్ కమిటీ ఈ గోడు రాసింది. ముస్లింలకు ఇల్లు అమ్మడానికీ కిరాయికివ్వడానికీ ఒప్పుకోవడం లేదని. ఇంకో సంగతి కూడా రాసింది. కొన్ని బ్యాంకులు కొన్ని ప్రాంతాలను నెగెటివ్ జోన్లుగా గీత గీసి అక్కడ అప్పు పుట్టనివ్వడం లేదని. రెండూ కలిపి చదవండి. మీ పేటలో ఇల్లు కొననివ్వరు. మా బస్తీలో కొందామంటే అప్పు ఇవ్వరు. పోయే చోటు లేనివాడికి బేరం ఉండదు కాబట్టి ఇరుకు గల్లీలో గాలాడని రెండు గదులకు అడిగినంతా ఇచ్చుకోవాలి. తర్వాత ఆ గల్లీ మురికిని చూపించి 'మీవాళ్ళింతే' అంటారు.

మా ఇంట్లో చీకటి సంగతీ చెప్పుకోవాలి. ఆ గల్లీలో అడిగినంతా గుంజే మకాందారు చాలాసార్లు మావాడే. 'మీరేమిట్లు?' అనే ప్రశ్న మాలోనూ ఉంది. దూదేకుల అని తెలిస్తే మొహం చిట్లించే సయ్యద్‌లు, పఠాన్‌లు ఉన్నారు. మాల, మాదిగలని తెలిసి ఇల్లు లేదన్న ముస్లింలూ ఉన్నారు. పేరు చెప్పగానే ఫోన్ పెట్టేయించుకోవడం దళితులకు మాకంటే ముందు నుంచీ తెలుసు. వాళ్ళకు తలుపు మూసి, మాకు తలుపు తెరవమనే హక్కు మాకు లేదు.

ఇప్పుడు ఆ మంచి ఓనరు దగ్గరికి వద్దాం. మా గొడవ కాషాయం జెండా పట్టుకున్నవాడితో కాదు, వాడి సంగతి మాకు తెలుసు. మా గొడవ అభ్యంతరం లేని ఈయనతోనే. ఈయన మాతో ఇరానీ చాయ్ తాగుతాడు. రంజాన్‌కు హలీం తిని మెచ్చుకుంటాడు. డిసెంబరు 6న సభలో మా పక్కన కూర్చుంటాడు. ఇల్లు అమ్మేటప్పుడు మాత్రం పక్కింటివాడి మొహం గుర్తొస్తుంది. ఆ పక్కింటివాణ్ణి అడిగితే, 'నాకేం లేదండీ, ఆ పక్కవాళ్ళే' అంటాడు. వీధి చివరిదాకా అడుగుతూ వెళ్ళండి. అభ్యంతరం ఉన్నవాడొక్కడూ దొరకడు. ఇల్లు మాత్రం మాకు రాదు.

మతం, కులం చూసి ఇల్లు నిరాకరించడం నేరమని చట్టం చెయ్యాలి. అది అడుగుతూనే ఉంటాం. చట్టం వచ్చేలోగా మీరు చేయగలిగింది ఒకటుంది. ఈసారి మీ అసోసియేషన్ మీటింగులో 'వాళ్ళకివ్వొద్దు' అని ఎవరో అన్నప్పుడు తలొంచుకోకండి. లేచి నిలబడి 'నాకు అభ్యంతరం ఉంది, ఈ మాట మీద నాకు అభ్యంతరం ఉంది' అనండి. మాకు సంఘీభావ సభలు వద్దు. ఆ ఒక్క వాక్యం కావాలి. ఆ ఇల్లు ఇంకా అమ్ముడుపోలేదని విన్నాం.