మినరల్సు తీసేసిన నీటికి మినరల్ వాటరని పేరు

నీటిలో సహజంగా ఉండే కాల్షియం, మెగ్నీషియం వంటి ఖనిజ లవణాలను చాలావరకు వడగట్టి మోరీలోకి వదిలేసి, మిగిలిన నీటిని మనం ‘మినరల్ వాటర్’ అంటున్నాము. ఉప్పు వేయని ఊరగాయను ఉప్పావకాయ అన్నట్లుంది ఈ వ్యవహారం. పెళ్ళి పందిట్లోనైనా, తద్దినపు భోజనంలోనైనా “ఇవి మినరల్ వాటరేనండీ?” అని అడగనిదే గ్లాసు ముట్టనివారు ఎందరో ఉన్నారు. మునిసిపాలిటీ నీళ్ళు తాగుతామని చెప్పుకోవడం నామోషీ అయిపోయింది.

నా వాదన సూటిగా చెబుతాను. శుద్ధి చేసిన నదీజలాలు కుళాయికి వచ్చే పట్టణాలలో అత్యధిక కుటుంబాలకు ఆర్వో యంత్రం అనవసరం. అనవసరపు ఖర్చు ఒక్కటే అయితే ఈ వ్యాసం రాసేవాణ్ణి కాను. అసలు ప్రమాదం ఎక్కడున్నదో ఆ యంత్రం మన కళ్ళకు కనబడనివ్వడం లేదు.

యంత్రం అమ్మే యువకుడు మీ ఇంటికి వచ్చి చేసే ప్రదర్శన మీరు చూసే ఉంటారు. రెండు గ్లాసులు పెడతాడు. ఒకదానిలో మీ కుళాయి నీరు, రెండవదానిలో యంత్రపు నీరు. రెండింటిలోనూ లోహపు కడ్డీలు ముంచి కరెంటు పెడతాడు. చూస్తుండగానే కుళాయి నీరు గోధుమ రంగుకు తిరిగి, తెట్టె కట్టి, మురుగునీటిలా తయారవుతుంది. రెండవ గ్లాసు తేటగా ఉంటుంది. ఇల్లాలు హడలిపోతుంది, ఇంటాయన చెక్కు రాసేస్తాడు. అక్కడ జరిగినది విద్యుద్విశ్లేషణ, పదో తరగతి పాఠమే. లవణాలున్న నీటిలో కరెంటు ప్రవహిస్తుంది, దానితో ఇనుప కడ్డీ కరిగి తుప్పుగా తేలుతుంది. ఆ రంగు కడ్డీది, మీ నీటిది కాదు. లవణాలు దాదాపుగా లేని నీటిలో కరెంటు సరిగా పారదు కనుక అది తేటగా మిగిలిపోతుంది. ఈసారి ఎవరైనా వస్తే, ఆ తేట గ్లాసులో చిటికెడు వంటింటి ఉప్పు వేసి మళ్ళీ కరెంటు పెట్టమనండి. అదీ మురికిగా మారుతుంది.

రెండవ ఆయుధం టీడీఎస్ మీటరు. నీటిలో కరిగిన లవణాల మొత్తాన్ని అది అంచనాగా చూపుతుంది. అంతకు మించి దానికేమీ తెలియదు. లేత కొబ్బరినీటిలో ముంచితే అంకె వేలలోకి పోతుంది. ఆ మాట విని కొబ్బరి బొండం మానేద్దామా? అదే నీటిలో కామెర్ల వైరస్ ఉన్నా, టైఫాయిడ్ క్రిమి ఉన్నా, అంకె ఒక్క పాయింటు కూడా పెరగదు. భారతీయ ప్రమాణాల సంస్థ తాగునీటికి నిర్ణయించిన వాంఛనీయ పరిమితి లీటరుకు 500 మిల్లీగ్రాములు. వేరే ఆధారం లేనిచోట 2000 వరకూ అనుమతించింది. మన పట్టణాలకు వచ్చే గోదావరి, కృష్ణా జలాలు సాధారణంగా 500 లోపే ఉంటాయి. అటువంటిచోట ఆర్వో వాడకాన్ని నిషేధించమని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కేంద్ర పర్యావరణ శాఖను ఆదేశించింది కూడా. ఆ సంగతి అమ్మేవాడు చెప్పడు, మనం అడగము.

“గట్టి నీరు తాగితే కిడ్నీలో రాళ్ళు వస్తాయి కదా డాక్టరుగారూ?” అని అడుగుతారు. రాళ్ళున్నవారికి నేను చెప్పేది ఒక్కటే: నీరు ఎక్కువగా తాగండి. మన ఎండలకు తక్కువ నీరు తాగి, చెమటగా పోగొట్టుకోవడమే రాళ్ళకు పెద్ద కారణం. అలాగే, ఆర్వో నీటివల్ల ఎముకలు గుల్లబారతాయని భయపెట్టేవారితోనూ నేను ఏకీభవించను. మనకు కాల్షియం ప్రధానంగా పాలు, పెరుగు, రాగులు, ఆకుకూరల నుండి రావాలి. ఇక ఆల్కలైన్ నీటి యంత్రాల గురించి ఒక్క వాక్యం చాలు: ఆ నీరు జీర్ణాశయంలోని ఆమ్లంలో పడగానే దాని క్షారగుణం కాస్తా అంతరిస్తుంది.

ఇప్పుడు అసలు ప్రమాదానికి వద్దాము. ప్రభుత్వ ఆసుపత్రిలో కామెర్లతోనో, టైఫాయిడ్‌తోనో వచ్చిన పిల్లల తల్లిదండ్రులను నీటి గురించి అడిగేవాణ్ణి. “మాది ఆర్వో వాటరేనండీ” అని ధీమాగా చెప్పేవారు. సంపు ఎప్పుడు కడిగించారంటే ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు. ఆ సంపు నీటితోనే పిల్లవాడు పళ్ళు తోముకుంటాడు, నోరు పుక్కిలిస్తాడు. దానితోనే కూరగాయలూ, పళ్ళూ కడుగుతారు. వీధి చివర పానీపూరీ సంగతి సరే. శుద్ధి కేంద్రంలో క్లోరిన్ కలిపి పంపిన నీరు, మురుగు కాలువ పక్కగా పోయే పగిలిన పైపులోనో, మూత సరిగా లేని మన సంపులోనో చెడిపోతుంది. పాతికవేలు పెట్టి యంత్రం కొన్నవారు అయిదారు వందలిచ్చి ట్యాంకు కడిగించరు. పైగా కుళాయిలో బ్లీచింగ్ వాసన వస్తే ఫిర్యాదు చేస్తారు. ఆ వాసనే కదా మీకు రక్ష! వెడల్పు గిన్నెలో కాసేపు ఉంచితే అది పోతుంది.

యంత్రపు నీటిలో ఆ రక్ష ఉండదు. ఆర్వో పొర క్రిములను ఆపుతుంది, నిజమే. కానీ వడగట్టిన నీరు నిలవుండే లోపలి ట్యాంకులో క్లోరిన్ లేదు. ఫిల్టర్లు సకాలంలో మార్చకపోతే, ట్యాంకు శుభ్రం చేయించకపోతే అక్కడే క్రిములు పెరుగుతాయి. పారబోసే నీటి లెక్క వేరు. లీటరు తాగునీటికి మూడు లీటర్లు పారబోసే యంత్రం అనుకుందాము. రోజుకు 15 లీటర్లు వాడే ఇంట్లో ఏడాదికి 16 వేల లీటర్లకు పైగా, అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు మూడు మోరీ పాలు. మే నెలలో ట్యాంకరు కోసం ఫోన్లు చేసేదీ మనమే.

యంత్రం నిజంగా అవసరమైన ప్రాంతాలు మనకు లేకపోలేదు. 1937లోనే నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా పల్లెలలో ఎముకల ఫ్లోరోసిస్‌ను వైద్యులు గుర్తించి ప్రకటించారు. నల్లగొండ పల్లెలలో నడుములు వంగిపోయిన మనుషులను రెండు తరాలు చూశాయి. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి ఆ జిల్లా పేరే స్థిరపడింది. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన బోరునీటిని మరిగిస్తే లాభం లేదు, నీరు ఇగిరి ఫ్లోరైడ్ మరికాస్త చిక్కబడుతుంది. అక్కడ నదీజలమైనా రావాలి, ఆర్వో అయినా ఉండాలి. అక్కరలేని మన వంటగదిలో అది గోడకు అలంకారం, అక్కరైన పల్లెలో చాలామందికి అందని సరుకు.

కొనేముందు మీ నీటిని పరీక్ష చేయించండి. గ్రామీణ నీటి సరఫరా శాఖకు జిల్లాలలో ప్రయోగశాలలు ఉన్నాయి. ఫ్లోరైడ్, నైట్రేట్, క్రిములు: ఈ మూడూ చూడమని ప్రత్యేకంగా అడగండి. మొదటి రెండూ హద్దులో ఉంటే కాచిన నీరు చాలు. సలసల మరగడం మొదలైన తరువాత ఒక నిమిషం ఉంచి దించి, అదే గిన్నెలో మూతపెట్టి చల్లార్చండి. వేరే బిందెలోకి వంచి, దానిలో చేయి ముంచితే కాచిన శ్రమ వృథా. కాచే తీరిక లేనివారికి అతినీలలోహిత కిరణాల యంత్రం చాలు, అది నీటిని పారబోయదు. ఆరు నెలలకొకసారి సంపు, ట్యాంకు కడిగించండి. అనుమానం ఉన్నప్పుడు వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు కొద్ది నీటిలో కలిపి, తేరిన తేటను పోసి, గంటసేపు ఆగండి. పాత పొట్లంలోని పౌడరుకు క్లోరిన్ ఎగిరిపోయి ఉంటుంది, గాలి చొరని డబ్బాలో దాచినదే వాడండి.