వంతెన కింద పారేది మా గెడ్డ

తుపాను వెలిసిన మర్నాటికే రైలు కట్ట మీదికి జేసీబీలు వచ్చేస్తాయి. మడి కొట్టుకుపోయినవాడి గడపకు రెవెన్యూ మనిషి రావడానికి వారం పడుతుంది, ఒక్కోసారి అసలు రాడు. ఈ తేడా మాకు కొత్త కాదు. రైలు ఆగితే ఇనుప ఖనిజం ఆగుతుంది, ఖనిజం ఆగితే పెద్ద పెద్ద చోట్ల ఫోన్లు మోగుతాయి. మడి పోయిందని చెప్పుకోవడానికి మా కొండ మీద సిగ్నలే ఉండదు.

అయితే మేం ఇక్కడ మాట్లాడదలచుకున్నది ఆ ఆలస్యం గురించి కాదు, ఈ తొందర గురించి. తుపానుకు దెబ్బతిన్న రైలు వంతెనను బాగుచేసేటప్పుడు దాని కింద పారే గెడ్డ ఏమవుతుందో ఎవరూ అడగరు. అడిగి తీరాలన్న నిబంధన కూడా లేదు. మనం అడిగితే అభివృద్ధికి అడ్డం పడుతున్నారంటారు. అయినా అడగాల్సిందేనని మా వాదన.

ఘాట్ లైన్‌లో వంతెన దెబ్బతింటే ఏం జరుగుతుందో మైదానంలో హాస్టళ్ళలో ఉండి చదువుకునే మన పిల్లలకు తెలియకపోవచ్చు. కాబట్టి కొంచెం వివరంగా చెబుతాం. పెద్ద వానకు బండరాళ్ళు, మానులు, ఎర్రమట్టి కలిసి గెడ్డలోకి దిగుతాయి. మానులు వంతెన కంతలకు అడ్డం పడతాయి. వెనక నీళ్ళు పేరుకుంటాయి. పేరుకున్న నీళ్ళు స్తంభం పునాది కింద కోసుకుపోతాయి, లేదా పక్కనున్న మట్టికట్టను తెంపుతాయి. అప్పుడు ఇంజనీరు ముందు రెండు దారులుంటాయి. నీటికి ఎంత కంత కావాలో లెక్క కట్టి, గట్టి పునాది మీద గర్డరు వేయడం ఒకటి. నాలుగు సిమెంటు పైపులు పరిచి, వాటి మీద మట్టీ రాయీ పోసి, బండిని మెల్లగా నడిపించేయడం రెండోది. మొదటిది నెలల పని, రెండోది రోజుల పని. రెండోదానికి 'తాత్కాలికం' అని పేరు. మా ఏజెన్సీలో తాత్కాలికం అన్నది ఎన్నేళ్ళు ఉంటుందో ఈ పుస్తకం చదివే టీచర్లకు వేరే చెప్పక్కర్లేదు, వాళ్ళలో ఎందరో తాత్కాలిక షెడ్లలోనే పాఠాలు చెబుతున్నారు.

పైపులో ఒక మాను ఇరుక్కుంటే చాలు, మళ్ళీ వానకు రైలు కట్టే ఆనకట్ట అవుతుంది. ఎగువ మడిలో నీళ్ళు నిలిచి నారు కుళ్ళిపోతుంది. కట్ట తెగితే దిగువ మడి మీద ఇసుక మేట వేస్తుంది. పోసిన రాయి ఎక్కడిది? ఎక్కడ దగ్గరైతే అక్కడిది, అంటే చాలాసార్లు ఆ గెడ్డలోదే. కొండచరియ విరిగిన మట్టిని ఎక్కడ పారేస్తారు? లోయలోకి తోసేస్తే డీజిలు ఖర్చు మిగులుతుంది. ఆ లోయలోనే మన గ్రావిటీ నీటి పథకం తొట్టె ఉంటుంది, ఆడవాళ్ళు పీతలు ఏరుకునే చోటు ఉంటుంది, పశువులు దిగే రేవు ఉంటుంది. ఇవేవీ కాంట్రాక్టరు డ్రాయింగులో ఉండవు. డ్రాయింగులో లేనిదానికి నష్టపరిహారం లెక్క రాదు.

ఇక చట్టం సంగతి. ఏ ప్రాజెక్టుకు పర్యావరణ అనుమతి తీసుకోవాలో, దేనికి ప్రజాభిప్రాయ సేకరణ జరపాలో చెప్పేది 2006 సెప్టెంబరు 14 నాటి నోటిఫికేషన్. అందులోని జాబితాలో హైవేలున్నాయి, విమానాశ్రయాలున్నాయి, ఓడరేవులున్నాయి. రోప్‌వే కూడా ఉంది. రైలు మార్గం మాత్రం లేదు. కొండను తొలిచి కొత్త లైను వేసినా ఆ అనుమతి అక్కర్లేనప్పుడు, వంతెన మరమ్మతు గురించి ఎవడు అడుగుతాడు? అడవి భూమి తీసుకుంటే అటవీ చట్టం, అభయారణ్యమైతే వన్యప్రాణి చట్టం అడ్డొస్తాయి, నిజమే. కానీ నీటికి ఏమవుతుంది, ఊరికి ఏమవుతుంది అని అడిగే తలుపు ఒక్కటీ తెరిచి లేదు.

కొత్తవలస-కిరండూల్ లైనునే చూడండి. బైలడీలా ఇనుము జపానుకు పంపడం కోసం 1960లలో వేసిన లైను ఇది. 58 సొరంగాలు, 84 పెద్ద వంతెనలు, లెక్కకు వందల్లో చిన్నవి. అప్పట్లో మన పెద్దలను ఎవరూ అడగలేదు, అడగాలని చెప్పే చట్టాలూ అప్పుడు లేవు. ఇప్పుడు రెండో లైను పనులు జరుగుతున్నాయి, ఇప్పుడూ పర్యావరణ అనుమతి జాబితా అదే. ఈ లైను బొర్రా మీదుగానే పోతుంది. బొర్రా పేరు వినగానే టూరిస్టులకు గుహలు గుర్తొస్తాయి, మనకు గుర్తు రావలసింది 1997 నాటి సమతా తీర్పు. అనంతగిరి మండలం బొర్రా చుట్టుపక్కల ఊళ్ళలో మైనింగ్ లీజుల మీద మొదలైన కేసే సుప్రీంకోర్టు దాకా వెళ్ళి దేశంలోని షెడ్యూల్డ్ ప్రాంతాలన్నిటికీ అండ అయింది. అలాంటి తీర్పు పుట్టిన కొండలో గెడ్డ రాయిని అడగకుండా తవ్వితే అది మరమ్మతు కింద చెల్లిపోతుందట!

పైగా ఈ నీళ్ళు మనవి మాత్రమే కావు. అనంతగిరి కొండల్లో పుట్టి బొర్రా గుహల కిందుగా పారే గోస్తనే దిగువన తాటిపూడి జలాశయం నింపుతుంది. తాటిపూడి నీళ్ళు విశాఖ కుళాయిల్లోకి పోతాయి. మా లోయలోకి తోసిన మట్టి ఏదో ఒకనాటికి పట్నం బిందెలోకీ దిగుతుంది. పర్యావరణం అంటే ఆదివాసుల గోల అనుకునేవాళ్ళు ఇది గుర్తుంచుకుంటే మంచిది.

మట్టి సంగతి ఇంకా ఉంది. 2020 మార్చి 28న, దేశమంతా లాక్‌డౌన్‌లో ఉన్న రోజుల్లో, కేంద్ర పర్యావరణ శాఖ ఒక సవరణ తెచ్చింది. రోడ్లు, పైపులైన్ల లాంటి పొడుగాటి ప్రాజెక్టులకు మట్టి తవ్వుకోవడానికి ముందస్తు అనుమతి అక్కర్లేదంది. ఎంత మట్టి, ఎక్కడి నుంచి, ఎలా అన్న హద్దే లేదు. ప్రజల అభ్యంతరాలు కూడా పిలవలేదు. ఇలాంటి గుడ్డి మినహాయింపు చెల్లదని 2024 మార్చి 21న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. దానికి ముందు, 2013 ఫిబ్రవరి 5న, ఇలాంటి పొడుగాటి పనులకు అడవి భూమి ఇచ్చేటప్పుడు గ్రామసభ సమ్మతి అక్కర్లేదని మరో ఉత్తరం రాశారు. అందులో ఒక మెలిక ఉంది, మన యువకులు దాన్ని కంఠతా పట్టాలి. ఆదిమ తెగల గుర్తింపు పొందిన హక్కులకు దెబ్బ తగిలే చోట ఆ సడలింపు వర్తించదు. గదబలు, పోర్జలు, కొందులు ఉన్న ఊళ్ళలో ఈ మాట ఎవరైనా చదివి వినిపించారా?

చట్టాలన్నీ మనకు వ్యతిరేకమని మేం అనడం లేదు. రైల్వే వాళ్ళ సొంత చట్టమే తిరగేయండి. 1989 రైల్వే చట్టం 16వ సెక్షన్, రైలు మార్గం వేయకముందు పక్క భూముల నీళ్ళు ఎంత స్వేచ్ఛగా పారేవో వేశాక కూడా అంతే స్వేచ్ఛగా పారేలా తూములు, కల్వర్టులు, కాలువలు కట్టాలంటుంది. ఎంత కొలత చాలో రాష్ట్ర ప్రభుత్వం చెప్పాలి. అదే సెక్షన్‌లో ఒక గొళ్ళెం కూడా ఉంది. లైను మీద రాకపోకలు మొదలైన పదేళ్ళ తర్వాత, భూమిదారులు అడిగితే రైల్వే తన ఖర్చుతో అదనపు పనులు చేయనక్కర్లేదు. మా లైను మొదలై అరవై ఏళ్ళు కావస్తోంది కాబట్టి నోరు మూసుకోమంటారా? పాత వంతెన కొట్టుకుపోయి కొత్తది కడుతున్నప్పుడు అది కొత్త పనే. పదేళ్ళ లెక్క అక్కడి నుంచే మొదలు కావాలి. న్యాయశాస్త్రం చదువుకుంటున్న మన పిల్లలు ఈ వాదన పట్టుకుని ముందుకు పోవాలని మా కోరిక. 14, 15 సెక్షన్లు కూడా చూడండి. ప్రమాదం వచ్చినప్పుడు పక్క భూమిలోకి దిగే అధికారం 14 ఇస్తుంది, అలా దిగి చేసిన నష్టానికి డబ్బు కట్టాలని 15 చెబుతుంది. మొదటి సెక్షన్ ప్రతి తుపానుకూ వాడతారు. రెండో సెక్షన్ కింద మన ఊళ్ళలో ఎందరికి డబ్బు ముట్టిందో మీరే అడిగి చూడండి.

తొందరపడకపోతే ప్రాణాలు పోతాయి కదా అని ఒక ప్రశ్న వస్తుంది. న్యాయమైన ప్రశ్న. మాకూ రైలు కావాలి. సంతకు కూరగాయలు పట్టుకుపోయేది, జబ్బు మనిషిని విశాఖ పెద్దాసుపత్రికి చేర్చేది, కాలేజీ పిల్లల్ని దింపేది ఆ ప్యాసింజరే. కానీ ప్రాణాల మాట తీస్తే వలిగొండ దగ్గర ఆగాలి. 2005 అక్టోబరు 29 తెల్లవారుజామున నల్లగొండ జిల్లా వలిగొండ దగ్గర చిన్న వంతెన వరదకు కొట్టుకుపోయింది, డెల్టా ప్యాసింజరు అందులో పడింది. వంద మందికి పైగా చనిపోయారు. ఎగువన చెరువు తెగి వచ్చిన నీరది. అంటే వంతెన క్షేమం వంతెనలో లేదు, ఎగువన ఉంది. గెడ్డను ఎగువ నుంచి దిగువ దాకా చూడడమంటే పర్యావరణ సమీక్షే. అది ప్రయాణికుల ప్రాణాల లెక్క కూడా.

ఇది రైల్వేకు తెలియక కాదు. తెగితే రైలు మార్గానికి ముప్పు తెచ్చే చెరువులు, కట్టల జాబితా వాళ్ళ దగ్గర ఉంటుంది. వానాకాలానికి ముందు రాష్ట్ర అధికారులతో కలిసి వాటిని చూసి రావాలన్న నియమం ఉంది. మంచిదే. రైలును ముంచే చెరువుల జాబితా ఉంది. మరి రైలు కట్ట ముంచే మడుల జాబితా ఏది? అదే రోజు, అదే జీపులో, అదే అధికారులు ఇంకో కాగితం మీద రాసుకుంటే సరిపోయే పని అది.

తొందర ఎంత సాధ్యమో మనం కళ్ళారా చూశాం. 2024 సెప్టెంబరు మొదట్లో మహబూబాబాద్ జిల్లాలో ఇంటికన్నె-కేసముద్రం మధ్య వరదకు పట్టాల కింద కంకర, మట్టి కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. వందల మంది కార్మికులు రాత్రీ పగలూ పని చేసి కొద్ది రోజుల్లోనే బళ్ళు నడిపించారు. ఆ కార్మికులకు దండం. 2017 జులైలో రాయగడ దగ్గర, తేరువలి-సింగపూర్ రోడ్ మధ్య, వంతెన కొట్టుకుపోయినప్పుడూ ఇదే యుద్ధప్రాతిపదిక. యుద్ధప్రాతిపదిక అనే మాట వింటే మాకు ఒకటే అనుమానం, ఈ యుద్ధం ఎవరి మీద?

మరమ్మతుకు ముందు ఆలోచించడం కుదరని పని అనేవాళ్ళు కొంచెం దూరం చూడాలి. 2024 సెప్టెంబరులో హెలీన్ తుపాను అమెరికాలోని నార్త్ కరోలినా, టెన్నెసీ కొండల్లో నొలిచకీ నది లోయను చీల్చేసింది. ఒకప్పుడది చెరోకీ ఆదివాసుల నేల. సీఎస్ఎక్స్ అనే కంపెనీ రైలు మార్గం, వంతెనలతో సహా కొట్టుకుపోయింది. కంపెనీ నది అడుగు నుంచే రాయి తవ్వి కట్ట పోయడం మొదలుపెట్టింది. అంతరించిపోతున్న ఒక మంచినీటి ఆల్చిప్ప బతికే నది అది. అక్కడి నదీ సంఘాలు ఆ నవంబరులోనే ప్రభుత్వ సంస్థల మీద కోర్టుకెక్కాయి. నది గెలిచిందని మేం చెప్పడం లేదు. అక్కడా తుపాను మరమ్మతులకు సడలింపులు ఉన్నాయి. కానీ నదిలో రాయి కదపాలంటే ఎవరి అనుమతి కావాలో చెప్పే చట్టం అక్కడ ఉంది. కాబట్టి కోర్టులో పట్టుకోవడానికి ఒక పిడి దొరికింది. ఆల్చిప్పకు దొరికిన పిడి మన మడికి దొరకలేదు.

మనకూ ఒక పిడి ఉంది, తుప్పు పట్టించుకున్నాం. రాయి, కంకర, ఇసుక చిన్న తరహా ఖనిజాలు. షెడ్యూల్డ్ ప్రాంతంలో వాటి లీజుకు ముందు గ్రామసభ లేదా పంచాయతీ సిఫారసు తప్పనిసరి అని 1996 పెసా చట్టం చెబుతోంది. మరమ్మతు రాయికి ఆ మాట వర్తించదని ఎవరూ ఎక్కడా రాయలేదు. మేం అడుగుతున్నది రెండేళ్ళ అధ్యయనం కాదు, హైదరాబాదు నుంచి కన్సల్టెంటు కాదు. పని మొదలైన మూడు రోజుల్లో గెడ్డ పక్కనే గ్రామసభ పెట్టాలి. రాయి ఎక్కడిది, మట్టి ఎక్కడ పోస్తారు, పైపులా గర్డరా, పైపులైతే ఏ తేదీకి తీసేస్తారు, ఎవరి మడి పోయింది, ఇవన్నీ రాసి సంతకం పెట్టాలి. రైలు ఆపమనడం లేదు. మూడు రోజుల్లో పట్టాలు కలపగలిగినవాళ్ళు మూడు గంటలు కూర్చోలేరా? కూర్చున్న సభలో మాట కొందులకు కువిలో, గదబలకు వాళ్ళ భాషలో, తక్కినవాళ్ళకు ఆదివాసీ ఒడియాలో వినిపించాలి. తెలుగులో చదివి వేలిముద్ర తీసుకుంటే అది సభ కాదు.

తుపాను వచ్చాక ఇవన్నీ అడిగితే ఎవరూ వినరు. టీచర్లకు, యువకులకు మా విన్నపం అందుకే ఇప్పుడే. అక్టోబరు తుపాన్లకు ముందే మీ పంచాయతీలో రైలు కట్ట కింద ఉన్న ప్రతి తూము దగ్గరకు పిల్లల్ని తీసుకెళ్ళండి. పట్టాల మీదికి ఎక్కనివ్వకండి, గెడ్డ వైపు నుంచే వెళ్ళండి. కంత వెడల్పు, ఎత్తు కొలవండి, లెక్కల పాఠం కూడా అయిపోతుంది. పెద్ద వరద ఏ బండ దాకా వచ్చిందో ముసలివాళ్ళను అడిగి ఆ బండ మీద రంగుతో గుర్తు పెట్టండి. ఫోటో తీయండి. రైల్వే రికార్డులో ఆ వంతెనకు నంబరు మాత్రమే ఉంటుంది, మన నోట్లో ఆ గెడ్డకు పేరుంది. నంబరు పక్కన పేరు రాసి గ్రామసభ రిజిస్టరులో ఎక్కించండి. ఒక కాపీ కలెక్టరుకు, ఒకటి ఐటీడీఏకు, ఒకటి రైల్వే డివిజన్ ఆఫీసుకు పంపించండి. మూడు చోట్లా రసీదు తీసుకోండి.