కిన్నెర పట్టిన పిల్లకు చదువు అండ

మా మనవరాలికి పదకొండేళ్లు. ఏదైనా వాయిద్యం నేర్చుకుంటానంటే మా అల్లుడు కీబోర్డు కొందామన్నాడు. నేను కిన్నెర అన్నాను.

గద్వాల జిల్లా మానవపాడులో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పినవాణ్ణి, పై చదువుల ఖర్చు నాకు తెలుసు. అమెరికా కాలేజీ ఆర్కెస్ట్రాలకు వయోలా, బసూన్ వాయించేవాళ్లు అంత తేలిగ్గా దొరకరు. అందుకే వాటిని నేర్చినవాళ్లకు స్కాలర్‌షిప్ అవకాశం ఎక్కువ. మన దగ్గరా అలాంటి దారి ఉంది. కేంద్ర సంస్థ సీసీఆర్‌టీ 10 నుంచి 14 ఏళ్ల పిల్లలకిచ్చే సాంస్కృతిక ప్రతిభా స్కాలర్‌షిప్‌లో అరుదైన కళలకు ప్రాధాన్యం ఉంది. కళాకారుల కుటుంబాల పిల్లలకు విడిగా వాటా ఉంది. డిగ్రీ దాకా కొనసాగే వీలూ ఉంది.

కిన్నెర కూడా అలాంటి అరుదైన కళే. మా పక్కనున్న నాగర్‌కర్నూల్ జిల్లా కళాకారుడు దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ తెచ్చింది పన్నెండు మెట్ల కిన్నెరే. ఒకసారి కిన్నెరను ఒళ్లో పెట్టుకుని చూశాను. వెదురు బొంగు, ఎండిన సొరకాయ బుర్రలు, మైనంతో అతికించిన మెట్లు. తీగ మీటగానే బుర్ర అదురు నా కడుపుకు తగిలింది.

స్కాలర్‌షిప్ సొమ్ము చిన్నదే. దానికోసమే నేర్పితే పిల్ల మధ్యలో వదిలేస్తుంది. ముందు ఆ నాదం మనసుకు పట్టాలి, నేర్పే గురువు దొరకాలి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ బడుల్లో వారానికో గంట కిన్నెర కళాకారులకు ప్రభుత్వం ఇవ్వాలి, తగిన వేతనంతో. పిల్లలకు చదువు దారి, కళకు వారసులు ఒక్కచోటే దొరుకుతారు.