కట్టినోళ్ల ఫోటో సరే, నేసినోళ్ల పేరేదీ?

2016 ఆగస్టు మొదటి వారం. అప్పటి కేంద్ర జౌళి శాఖ మంత్రి స్మృతి ఇరానీ చేనేత చీర కట్టుకున్న ఫోటో ఒకటి ట్విట్టర్లో పెట్టారు. దానికి తోక ఒకటే: ‘ఐ వేర్ హ్యాండ్‌లూమ్’. నేను చేనేత కడతాను, మీరూ కట్టండి, మీరూ ఫోటో పెట్టండి అని పిలుపు. ఇక చూసుకోండి. సినిమా తారలు, ఆటగాళ్లు, అధికారులు, కాలేజీ పిల్లలు బీరువాల అడుగున పడి ఉన్న అమ్మమ్మల చీరలు బయటికి తీసినారు. చేనేత అంటే ముసలోళ్ల బట్ట, సర్కారు సొసైటీ షాపుల్లో దుమ్ము కొట్టుకుపోయే సరుకు అనుకునే పట్నం పిల్లలు దాన్ని గర్వంగా చెప్పుకున్నారు. ఆ గెలుపును చిన్నచూపు చూడనక్కర్లేదు. 1905 ఆగస్టు 7న కలకత్తా టౌన్‌హాల్లో స్వదేశీ ఉద్యమం మొదలైంది కాబట్టే 2015 నుంచి ఆ రోజును జాతీయ చేనేత దినంగా జరుపుతున్నారు. విదేశీ బట్టను తగలబెట్టిన దేశంలో స్వదేశీ బట్టకు ఫోటో దిగడం కాలానికి తగ్గ పనే.

తెలంగాణ వాళ్లు దీన్ని మనకన్నా ముందే పట్టుకున్నారు. రాష్ట్రం వచ్చిన మూడేళ్లు తిరక్కుండానే మంత్రి కేటీఆర్ సోమవారం చేనేత కట్టాలన్నాడు, తాను కట్టాడు, ఉద్యోగుల చేత కట్టించాడు. నటి సమంత ప్రచారానికి నిలబడింది. 2022 ఆగస్టు 7న ఆయనే ‘చేనేత సవాలు’ విసిరితే పవన్ కళ్యాణ్ అందుకుని చంద్రబాబుకు విసిరాడు. ఇట్లా ఒకరి నుంచి ఒకరికి పోయింది. పోచంపల్లి, గద్వాల, నారాయణపేట పేర్లు ఫోన్లలో తిరిగినాయి. వాళ్లను చూసి మనం కుళ్లుకోవాల్సిన పని లేదు. సొంత సర్కారుంటే సొంత చీరకు నోరొస్తుందని తెలుసుకుంటే చాలు. చంద్రబాబుదీ సీమే కదా అంటారా? అదే మన బాధ కూడా. సీమ నుంచి ముఖ్యమంత్రులు వరసబెట్టి వచ్చినారు. జమ్మలమడుగు చీర పేరు మాత్రం జమ్మలమడుగు దాటలేదు.

మోరగుడికి పోండి. వేపరాలకు పోండి. ప్రొద్దుటూరు నేతగాళ్ల వీధుల్లో తిరగండి. ఒకప్పుడు వీధి మొదట్లోనే వినబడే మగ్గం చప్పుడు ఇప్పుడు చెవి పెట్టి వెతుక్కోవాలి. గుంటలో కాళ్లు పెట్టి పొద్దున కూర్చున్న మనిషి చీకటి పడేదాకా లేవడు. ఇంటావిడ కండెలు చుడుతుంది, ఆసు పోస్తుంది, అచ్చులో పోగు తెగితే అతుకుతుంది. కూలి మాత్రం చీరకింత అని ఒకరికే లెక్క. ఆమె చేసిన పని ఆ లెక్కలో కనబడదు. 2019-20 అఖిల భారత చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత పనివాళ్లు 35 లక్షల పైచిలుకు. అందులో వందకు 72 మంది ఆడవాళ్లు. నేత కుటుంబాల్లో దాదాపు మూడింట రెండు వంతుల నెల రాబడి 5 వేల రూపాయల లోపే. సాధికారత అని ఫోటో కింద రాసుకునే అక్కలు ఈ లెక్కను ఒక్కసారి చూడాలి.

నాకు ఎక్కడ మండుతుందంటే, ఆ ప్రచారంలో ‘నేను’ అనే మాట కట్టినవాళ్లది. నేసినవాళ్లు అందులో లేరు. 2020 ఆగస్టు 7న ‘వోకల్ ఫర్ హ్యాండ్‌మేడ్’ అని మళ్లీ ఊదరగొట్టినారు. అప్పటికి పది రోజుల ముందే, జూలై 27న, అఖిల భారత చేనేత బోర్డును రద్దు చేసింది ఇదే కేంద్రం. నేతగాళ్ల తరఫున ఢిల్లీలో నోరెత్తడానికి ఉన్న ఆ కాస్త చోటునూ మూసేసి, ఫోటోలు పెట్టండి అన్నారు. 1985 నాటి రిజర్వేషన్ చట్టం కింద 22 రకాలు మగ్గానికే అని మొదట రాసుకున్నారు. అవి 11కు దిగినాయి. ఆ పదకొండునైనా కాపాడినారా? ప్రొద్దుటూరు బజారులో చేనేత అని చెప్పి అమ్మే చీరల్లో మరమగ్గం సరుకెంతో షాపువాళ్లకూ తెలుసు, తనిఖీ చేయాల్సిన అధికారులకూ తెలుసు. ఈ లెక్కన ప్రచారం బాగా పారితే లాభం మరమగ్గానికే. జనం చేనేత అడుగుతారు, షాపువాడు దొంగ చేనేత ఇస్తాడు, మోరగుడి మగ్గం మాత్రం ఆగిపోయి ఉంటుంది.

అట్లని ప్రచారమే దండగ అనను. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో రాణా ప్లాజా కూలి 1,100 మందికి పైగా కుట్టుపనివాళ్లు చచ్చిపోయారు. ఆ తర్వాత లండన్ నుంచి ‘ఫ్యాషన్ రివల్యూషన్’ వాళ్లు ఒక ప్రశ్న లేవదీసినారు: నా బట్టలు ఎవరు కుట్టినారు? కొన్నవాళ్లు చొక్కా తిరగేసి లేబుల్ కనబడేటట్టు ఫోటో తీసి కంపెనీని నిలదీసినారు. జవాబుగా కుట్టినవాళ్లు తమ ఫోటో పెట్టి, మీ బట్టలు నేనే కుట్టినా అన్నారు. ఎన్నో పెద్ద కంపెనీలు ఏ ఫ్యాక్టరీలో కుట్టిస్తున్నదీ జాబితాలు బయట పెట్టక తప్పలేదు. తేడా చూడండి. ఒకరు నేను కట్టినా అన్నారు, ఇంకొకరు ఎవరు చేసినారు అని అడిగినారు. రెండో దాంట్లో పనిమనిషికి మొహం ఉంది.

పులివెందులలో 2021 డిసెంబరులో ఆదిత్య బిర్లా దుస్తుల యూనిట్‌కు పునాది రాయి వేసినారు. ఆడపిల్లలకు పని వస్తుందంటే మనం వద్దనం. (పునాది రాళ్ల సంగతి మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఉక్కు ఫ్యాక్టరీ పేరుతో జమ్మలమడుగు చుట్టుపక్కల 2007లో ఒకటి, 2018లో ఒకటి, 2019లో ఒకటి.) కానీ అక్కడ కుట్టే చొక్కా మెడలో పులివెందుల పేరుంటుందా?

కాబట్టి విద్యార్థి మిత్రులకూ ఉద్యోగ సోదరులకూ నేనడిగేది ఒకటే పని. వచ్చే ఆగస్టు 7న ఫోటో పెట్టేటప్పుడు కట్టిన మీ పేరుతో పాటు నేసినవాళ్ల పేరు, ఊరు పెట్టండి. వాళ్లు సరే అంటేనే పెట్టండి. పేరు తెలియకపోతే కొన్న షాపుకు పోయి అడగండి. ‘ఎవరు నేసినారు’ అని నలుగురు అడిగితే చెప్పలేని షాపువాడు అయిదోవాడికి అబద్ధం చెప్పడానికి వెనకాడతాడు. ఎన్జీవో సంఘాలు సోమవారం చీరలు, చొక్కాలు మాట్లాడుకుని నేరుగా వేపరాల నుంచే తెప్పించుకోవచ్చు.

మొన్న మోరగుడిలో ఒక పెద్దాయనతో ఈ మాటే చెప్పినా. ఆయన నాడె ఆపి నా వైపు చూసినాడు. “నా పేరు పెడతారా సరే నాయనా, మా ఇంటామె పేరు కూడా పెట్టమను. సగం చీర ఆమెదే” అన్నాడు.